రెండు తేట నీళ్ళు

ఊరి నీటి సరఫరా ఆఫీసులో నీళ్ళు పరీక్ష చేసే ఆవిడని అందరూ సీసాలమ్మ అనేవారు. ఆవిడ భుజానికి ఎప్పుడూ ఒక సంచి, అందులో నాలుగైదు ఖాళీ సీసాలు. చుట్టాలింటికి వెళ్ళినా, వాళ్ళు మంచినీళ్ళు ఇస్తే సగం తాగి సగం సీసాలో పోసుకునేదని చెప్పుకునేవారు. అది అబద్ధమేమీ కాదు. ఏ నీళ్ళలో ఏముందో తెలుసుకోకుండా ఉండటం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

పెద్ద వానలు వెలిసిన మూడో వారంలో ఒక పొద్దున, ఆఫీసుకి వెళ్తూ ఏటి వంతెన ఎక్కేసరికి అక్కడ జనం నిలబడి ఉన్నారు. సైకిళ్ళు గోడకి ఆనించి, అందరూ కిందికి తొంగి చూస్తున్నారు. ఆవిడా తొంగి చూసింది.

ఏరు నీలంగా పారుతోంది.

ఆకాశం నీడ పడినప్పటి నీలం కాదు. ఆ రోజు మబ్బుగానే ఉంది. పాలల్లో ఒక చుక్క నీలిమందు వేసి కలిపితే వచ్చే రంగు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకటే రంగు, చారలు లేవు, తెట్టు లేదు, వాసన లేదు. సీసాలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సీసా ముంచింది. పైకి తీసి వెలుగుకెత్తి పట్టుకుంది. సీసాలో నీలం లేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, కాస్త మసగ్గా అంతే.

"రంగేదమ్మా?" అన్నారు పైనుంచి ఎవరో.

"సీసాలోకి రాగానే సిగ్గుపడినట్టుంది" అన్నాడు ఇంకొకాయన. నలుగురు నవ్వారు. ఆవిడకి నవ్వు రాలేదు. ఇంకో రెండు సీసాలు నింపింది. రెండూ అంతే.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వంతెన మీంచి చూస్తే ఎగువన ఎడమ ఒడ్డున అద్దకం కార్ఖానా గోడ కనిపిస్తుంది. దాని వెనక నుంచి ఒక గొట్టం ఏట్లోకి వస్తుంది. జనం చూపులు ఒక్కొక్కటే నీళ్ళ మీంచి ఆ గొట్టం మీదికి వెళ్ళాయి. తర్వాత సీసాలమ్మ మీదికి వచ్చాయి. ఎందుకంటే ఆ కార్ఖానా ఆవిడ భర్త అక్కది.

ఆ కార్ఖానా అంతకుముందు మామగారిది. ఊళ్ళో ఆయన్ని రంగుల తాత అంటారు. నలభై ఏళ్ళు బట్టలకి రంగులద్ది, నడుము పట్టేశాక పని కూతురికి అప్పజెప్పి కొడుకింట్లో కూర్చున్నాడు. కొడుకు లారీ తోలతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. అందుకని ఇంట్లో ఎక్కువసేపు మామా కోడళ్ళే ఉండేవారు. ఆయనకి రంగుల గురించి, ఆవిడకి నీళ్ళ గురించి మాట్లాడటం ఇష్టం కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు.

సీసాలమ్మ ఆఫీసుకి వెళ్ళి పుల్లదనం కొలిచే మీటరు నీళ్ళలో పెట్టింది. ఎప్పుడూ ఉండేదానికంటే పులుపు ఎక్కువుంది. మరీ ఎక్కువ కాదు, కానీ తేడా స్పష్టంగా ఉంది. అద్దకం పనిలో రంగు పట్టించడానికి పుల్లటి మందులు వాడతారని ఆవిడకి బాగా తెలుసు.

సాయంత్రం తిన్నగా కార్ఖానాకే వెళ్ళింది. వదిన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తడి నూలు కర్రకి వేసి పిండుతోంది. పదకొండు మంది పనివాళ్ళు సర్దుకుంటున్నారు.

"వదినా, నిన్నగానీ మొన్నగానీ నీలం తొట్టి ఏమన్నా వదిలేశారా?"

వదిన కర్ర కిందపెట్టింది. "అడగడానికొచ్చావా, పట్టుకోడానికొచ్చావా?"

"అడగడానికే."

"నెల రోజుల నుంచీ ఎరుపు తప్ప ఇంకోటి వెయ్యలేదు. నీలం తొట్టి మూత మీద సాలీడు గూడు కట్టుకుంది. కావాలంటే వెళ్ళి చూడు."

సీసాలమ్మ వెళ్ళి చూసింది. నిజంగానే మూత మీద గూడుంది, సాలీడు కూడా ఉంది. గూడు పక్కకి తప్పించి మూత ఎత్తి చూసింది. తొట్టి ఎండిపోయి ఉంది. తిరిగొచ్చేసరికి వదిన మొహం మారిపోయింది. చూడమన్నది మాటవరసకి. నిజంగా వెళ్ళి మూత ఎత్తుతుందని అనుకోలేదు.

"సరే వదినా" అని సీసాలమ్మ నేల చూపులు చూస్తూ వచ్చేసింది.

మర్నాడు ఇంజనీరు ఆవిడని గదిలోకి పిలిచాడు. మెత్తటి మనిషి, కానీ ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. ఆ రోజు ఫోను ఆగకుండా మోగుతోంది.

"మీ పరీక్షలో పులుపు తేలింది. అద్దకంలో పులుపు వాడతారు. ఇంతకంటే నేనేం చెప్పాలి ఈ ఫోన్లు చేసేవాళ్ళకి?" అన్నాడు.

"పులుపు ఉందన్నాను సార్. ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పలేదు."

"మీరు చెప్పలేరు కూడా. ఆవిడ మీ ఆడపడుచు. మీరు ఏం రాసినా ఎవరూ నమ్మరు." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇంకా బాధగా ఉంది. మధ్యాహ్నానికల్లా కార్ఖానా తలుపుకి కాగితం అంటించి సీలు వేశారు. సగం అద్దిన ఎర్ర నూలు లోపలే ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఆవిడ మామగారికి అంతా చెప్పింది. మూత ఎత్తి చూసిన సంగతి కూడా దాచలేదు. ఆయన విని, "సీసాలో రంగు కనపడలేదన్నావు కదా" అన్నాడు.

"లేదు మామయ్యా."

"అయితే అది మా రంగు కాదు. మా రంగు నీళ్ళలో ఒక చుక్క పడితే గ్లాసులోనూ కనిపిస్తుంది, చెంబులోనూ కనిపిస్తుంది. పైగా తెల్లబట్టని వదలదు." ఆయన లేచి గూట్లోంచి ఒక తెల్లటి నూలు గుడ్డ తీసి ఇచ్చాడు. "వెళ్ళి దీన్ని ఏట్లో రాయికి కట్టిరా. రేపు పొద్దున తీద్దాం. నీలం పట్టిందా, నేనే వెళ్ళి ఇంజనీరు ముందు తల దించుకుంటాను."

ఆవిడ వెలుగుండగానే వెళ్ళి కట్టొచ్చింది. పొద్దున ఇద్దరూ కలిసి వెళ్ళి తీశారు. తాత దాన్ని పిండి, విదిలించి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. కానీ దాని మీద మెత్తటి పొర ఏదో ఉంది, పిండి రాసినట్టు. తాత ఆ పొరని గోటితో గీకి, కోడలు వద్దనేలోపే నాలిక కొసకి తగిలించుకున్నాడు.

"మామయ్యా, ఉమ్మెయ్యండి."

ఉమ్మేశాడు. "రుచి లేదు. సుద్దలా ఉంది" అని సాలోచనగా అన్నాడు. "రంగు కాదమ్మాయ్. రంగైతే గుడ్డలోకి దిగుతుంది. ఇది పైన కూర్చుంది. నీళ్ళలో కనపడనంత సన్నటి పిండి ఏదో తేలుతోంది. ఎక్కడ కలుస్తోందో నువ్వు చూడాలి."

కార్ఖానా దాటి ఎగువకి ఎవరూ వెళ్ళరు. అక్కడ్నుంచి ముళ్ళ పొదలు, జారుడు రాళ్ళు. సీసాలమ్మ సెలవు పెట్టి, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని బయల్దేరింది. మొదట కార్ఖానా గొట్టం దగ్గర ఆగింది. గొట్టం పొడిగా ఉంది. ఎగువన కూడా నీళ్ళు నీలంగానే ఉన్నాయి. అక్కడే ఆవిడకి సగం బరువు దిగింది. కానీ మిగతా సగం ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే ఇప్పుడు ఆ నీలం ఎక్కడిదో తెలియాలి.

పొదలు తప్పించుకుంటూ ముప్పావు గంట నడిచింది. చేతులు గీరుకున్నాయి. ఏటి అడుగున రాళ్ళన్నీ తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉన్నాయి. ఒక మలుపు తిరిగేసరికి నీలం ఉన్నట్టుండి ఆగిపోయింది.

అక్కడ రెండు వాగులు కలుస్తాయి. కుడి పక్కది సున్నపు వాగు. ఆ నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుందని ఆ పేరు. అది గాజులా తేటగా ఉంది. ఎడమ పక్కది చిన్న వాగు. అదీ గాజులా తేటగానే ఉంది. ఇంకా చెప్పాలంటే సున్నపు వాగుకంటే తేటగా ఉంది. రెండూ కలిసిన చోట, మనిషి నిలువంత దూరం వరకూ ఏమీ లేదు. ఆ తర్వాత పొగ లేచినట్టు తెల్లటి మసక. ఇంకో పది అడుగులు పోయాక నీలం.

ఆవిడ ఒక రాయి మీద కూర్చుండిపోయింది. రెండు తేట నీళ్ళు కలిస్తే రంగు రావడం ఆవిడ ఉద్యోగంలో చేరిన పద్నాలుగేళ్ళలో చూడలేదు. లేచి ఎడమ చెయ్యి ఒక వాగులో, కుడి చెయ్యి ఇంకో వాగులో పెట్టి చూసింది. తర్వాత తనకే నవ్వొచ్చింది, చేతికి ఏం తెలుస్తుందని. సంచిలోంచి లిట్మస్ కాగితాలు తీసింది. సున్నపు వాగులో కాగితం నీలంగా తిరిగింది. చిన్న వాగులో ముంచగానే ఎర్రగా మారింది.

చిన్న వాగు ఎప్పుడూ పుల్లగా ఉండేది కాదు. పోయినేడాది ఆవిడే పరీక్ష చేసింది. అంటే పైన ఏదో జరిగింది. రెండు వాగుల నీళ్ళూ సీసాల్లో నింపుకుని, చిన్న వాగు పట్టుకుని ఇంకా పైకి నడిచింది. పోనుపోను వాగులో రాళ్ళు తుప్పుపట్టిన ఇనుములా నారింజ రంగుకి తిరిగాయి. చివరికి ఒక గుట్ట వాలు విరిగిపడి కనిపించింది. పెద్ద వానలకి సగం గుట్ట జారిపోయి, లోపలి నల్లటి రాయి బయటపడింది. పలకలు పలకలుగా ఉన్న ఆ రాయిలో ఇత్తడి రజను చల్లినట్టు సన్నటి మెరుపులు. దాని సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. ఒక పలక మీద నీళ్ళు ఆరిపోయిన చోట ఉప్పులాంటి తెల్లటి పొడి. మామగారికి నేర్పిన బుద్ధులు మర్చిపోయి ఆవిడ కూడా ఒక రవ్వ నాలిక మీద వేసుకుంది. మొదట కొద్దిగా తీపి, వెంటనే వగరు. నాలిక ముడుచుకుపోయింది.

ఉమ్మేసి, మిగతా పొడి కాగితంలో కట్టుకుంది.

ఇంటికి రాగానే ఆ పొట్లం మామగారికి ఇచ్చింది. ఆయన ఒక పలుకు వేలికి అంటించుకుని రుచి చూసి, చిన్నపిల్లాడిలా మొహం పెట్టి నవ్వాడు. "పటిక. దీని అన్నదమ్ములు ఇంకెవరో కూడా ఉన్నారు గానీ, ఇది పటికే. నలభై ఏళ్ళు దీంతోనే రంగులు పట్టించాను, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది."

అప్పుడు ఆవిడ బుర్రలో ఒక్కొక్కటే కలుసుకున్నాయి. ఆ మెరిసే రజనుకి గాలీ నీళ్ళూ తగిలితే పులుపు పుడుతుంది. ఆ పులుపు రాతిలో ఉన్న ఇనుమునీ, పటికలో ఉండే లోహాన్నీ కరిగించి వాగులోకి దింపుతోంది. ఇనుము దారిలోనే రాళ్ళకి పట్టేస్తోంది, అందుకే నారింజ రంగు. పటిక సరుకు మాత్రం కరిగిపోయి, ఏమీ ఎరగనట్టు తేటగా కిందికి వస్తోంది. సున్నపు నీళ్ళు తగలగానే పులుపు విరుగుతుంది. అప్పుడది కరిగి ఉండలేక సన్నటి పిండిలా విడిపోతోంది. ఆ పిండి రేణువులు ఎంత చిన్నవంటే వెలుగులో నీలాన్ని మాత్రమే ఎక్కువగా చెదరగొడతాయి. రంగు లేకుండానే రంగు.

"పొగ పల్చగా ఉంటే నీలంగా కనపడదూ, అలాంటిదా?" అన్నాడు తాత.

"అచ్చంగా అలాంటిదే మామయ్యా."

మర్నాడు ఇంజనీరు అంతా విని పెన్ను మూత పెట్టాడు. "రెండు తేట నీళ్ళు కలిసి నీలమయ్యాయని రాయమంటారా? చదివినవాళ్ళు నన్ను ఏమనుకుంటారు?"

"రాయొద్దు సార్. చూడండి."

ఆఫీసు ముందు గదిలో ఒక గాజు తొట్టి ఉంది. ఎప్పుడో చేపలు పెంచారు, ఇప్పుడు అందులో పాత రసీదు పుస్తకాలు పడేస్తున్నారు. దాన్ని ఖాళీ చేసి కడిగారు. రెండు వాగుల నీళ్ళు బిందెలతో తెప్పించారు. ఇంజనీరు, ఇద్దరు గుమాస్తాలు, సీలు వేసిన ఉద్యోగి చుట్టూ నిలబడ్డారు. రంగుల తాత గోడవార కుర్చీలో కూర్చున్నాడు. వదిన మాత్రం రాలేదు. పిలిస్తే, "మూతలెత్తి చూసేవాళ్ళుండగా నేనెందుకు" అందట.

సీసాలమ్మ ముందు సున్నపు వాగు నీళ్ళు పోసింది, తర్వాత చిన్న వాగువి. కలిపింది. అందరూ వంగి చూశారు. తొట్టిలో నీళ్ళు కాస్త తెల్లబడ్డాయి, బియ్యం కడిగినట్టు. అంతే.

"నీలం ఏదండీ?" అన్నాడు సీలు వేసినాయన.

ఆవిడ తొట్టి చుట్టూ తిరిగి చూసింది. ఏట్లో నీళ్ళు లోతు, కింద రాయి, చుట్టూ చెట్ల నీడ. ఇక్కడ తెల్లగోడ, నెత్తిన ట్యూబులైటు. తేడా ఏమిటో తెలుస్తోంది గానీ దాన్ని గదిలోకి తేవడం ఎలాగో తోచలేదు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు గోడవార నుంచి తాత. "మేము రంగు ఛాయ ఎప్పుడైనా లైటు కింద చూశామా? ఆ లైటు ఆర్పండి. తొట్టిని కిటికీ పక్కకి తిప్పండి, వెలుగు అడ్డంగా పడాలి. వెనకాల ఏదైనా నల్లటిది పెట్టండి."

నల్లటిదంటే ఇంజనీరు కోటు తప్ప కనపడలేదు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి విప్పి ఇచ్చాడు. కొత్త నీళ్ళు పోసి మళ్ళీ కలిపారు. లైటు ఆర్పారు. కిటికీలోంచి వెలుగు తొట్టిలోకి అడ్డంగా పడింది. నల్లకోటు ముందు నీళ్ళు మెల్లగా మసకబారి, ఆ మసక మెల్లగా నీలమైంది. వంతెన కింద ఉన్నంత గాఢంగా లేదు. కానీ అదే రంగు, పాలల్లో నీలిమందు చుక్క.

ఇంజనీరు తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"ఇంకోసారి చెయ్యండి" అన్నాడు.

మూడుసార్లు చేశారు. మూడోసారి ఆయనే పోశాడు. గంట తర్వాత తొట్టి అడుగున దూదిలా తెల్లటి మడ్డి పేరుకుంది, పైనీళ్ళు తేటబడిపోయాయి. "మనం బురదనీళ్ళు తేర్చడానికి పటిక వేస్తాం కదా, ఆ పనే ఇదీనూ" అంది సీసాలమ్మ. ఆయన తలూపి, మర్నాడు తనే ముళ్ళపొదల్లోంచి గుట్ట దాకా వెళ్ళి చూసొచ్చాడు. ప్యాంటు చిరిగింది. ఆ సాయంత్రమే కార్ఖానా తలుపు మీద కాగితం తీసేశారు. నివేదిక కింద సంతకం సీసాలమ్మది కాదు, ఇంజనీరుది. ఆవిడే అలా అడిగింది.

అద్దకం కార్ఖానా తప్పు లేదని తేలింది గానీ, నీళ్ళు మంచివని తేలలేదు. కలిసిన చోటు నుంచి దిగువన రెండు మైళ్ళు చేపలు లేవు. రాళ్ళ మీద నాచు కూడా ఆ తెల్ల పొర కింద చచ్చిపోయింది. ఊరికి వచ్చే మంచినీళ్ళ గొట్టాన్ని సున్నపు వాగు మీదికి మార్చారు. విరిగిపడిన గుట్ట కింద సున్నపురాళ్ళు పరిస్తే పులుపు అక్కడే విరుగుతుందనీ, ఒకటి రెండేళ్ళలో నీలం పోతుందనీ పైనుంచి వచ్చిన భూగర్భ నిపుణురాలు చెప్పింది. ఈలోగా ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వంతెన మీద ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. వంతెన దగ్గర టీ అమ్మేవాడు, ఆ రాళ్ళు కాస్త నెమ్మదిగా పరవకూడదా అని ఇంజనీరుని అడిగాడట.

సీలు తీసిన మూడో రోజు సీసాలమ్మ కార్ఖానాకి వెళ్ళింది. లోపల ఉండిపోయిన ఎర్ర నూలు మచ్చలు పడి పాడైపోయింది. వదిన దాన్ని మళ్ళీ ఉడకబెడుతోంది.

"వదినా, ఆ రోజు నేను మూత ఎత్తి చూడకుండా ఉండాల్సింది."

వదిన కర్రతో నూలు తిప్పుతూనే ఉంది. "చూడకపోతే నువ్వు నువ్వెలా అవుతావు. చూసినందుకు కాదు. ఖాళీగా ఉందని చూసి కూడా నా మొహం చూడకుండా వెళ్ళిపోయావు చూడు. అదీ నాకు కాలింది."

"అప్పటికే సిగ్గేసింది. ఎలా చూడను?"

వదిన కర్ర ఆపింది. "సరే, ఆ కర్ర అవతలి కొస పట్టుకో. బరువుంది" అంది వదిన.

నూలు ఎత్తి గట్టుమీద వేశాక వదినే మళ్ళీ మాట కలిపింది. "ఆ పైన రాళ్ళు నారింజ రంగులో ఉన్నాయన్నావటగా. ఎలాంటి నారింజ? ఇటుకలాగానా, పసుపు కలిసిందా?"

"చెప్పడం నాకు రాదు వదినా. చూడాల్సిందే."

తర్వాతి సెలవు రోజున ముగ్గురూ బయల్దేరారు. పొదలు అప్పటికే కొట్టేశారు, తాత కర్ర ఊతతో నెమ్మదిగా నడవగలిగాడు. రెండు వాగులు కలిసిన చోట ఆయన చాలాసేపు నిలబడి, తేట నీళ్ళు పొగలు కక్కి నీలమవడం చూశాడు. చూసి, ఇన్నాళ్ళూ ఇంత పటిక ఇంటి వెనకాలే పెట్టుకుని ఊళ్ళు తిరిగి కొనుక్కొచ్చానా అన్నాడు. వదిన ఆగలేదు. చెప్పులు విడిచి, చిన్న వాగులో దిగి, నారింజ రాళ్ళ మీద కాళ్ళు జాగ్రత్తగా వేస్తూ ముందుకి వెళ్ళిపోయింది. ఒక చోట వంగి, అరచెయ్యంత రాయి తీసి ఎత్తి చూపించింది. దాని మీద నారింజకి అడ్డంగా ఒక నల్లటి చార ఉంది, సిరా ఒలికినట్టు.

"ఇదేంటి మరి? ఇది ఇనుము కాదు కదా?"

సీసాలమ్మ రాయి తీసుకుని తిప్పి చూసింది, గోటితో గీకింది. గోరు నల్లబడింది.

"తెలీదు వదినా" అంది. "పైన ఎక్కడుందో చూద్దాం పద."